గైడు లేని దారి: ల్వార్ నది గట్టు మీద సైకిల్ ప్రయాణం

(సైకిల్ మిత్రుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ఆదివారం పూట ఇంతమంది వచ్చారు, చాలా సంతోషంగా ఉంది. వెనకాల నిలబడ్డవాళ్ళు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

ఫ్రాన్స్ పల్లెల్లో సైకిల్ మీద తిరిగొచ్చామంటే అందరూ ముందు అడిగేది ఒకటే. గైడు లేకుండా ఎలా తిరిగారండీ? భాష రాదు, ఊళ్ళు తెలీవు, దారి తప్పితే ఏం చేస్తారు? ఇవాళ నేను ఆ ప్రశ్నకే జవాబు చెబుతాను. గైడు లేడు, నిజమే. అంతమాత్రాన దారి చూపేవాళ్ళు లేరని అనుకోకండి. అక్కడ దారే చూపిస్తుంది, ఊరే చూపిస్తుంది, నది చూపిస్తుంది. వాటిని చదవడం మనకి రావాలి. అంతే.

ముందు ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చెబుతాను. రెండు పద్ధతులున్నాయి. ఒకటి, అన్నీ మనమే చూసుకోవడం. గదులు మనమే బుక్ చేసుకుని, సంచులు సైకిల్‌కి కట్టుకుని పోవడం. రెండోది, ఒక ట్రావెల్ కంపెనీకి డబ్బు కడితే వాళ్ళు రాత్రి బసలు మాట్లాడిపెడతారు, మొదటి హోటల్లో సైకిల్ సిద్ధంగా ఉంచుతారు, దారి వివరాలు పుస్తకంగానో ఫోన్లోనో ఇస్తారు. పొద్దున్నే మీ పెట్టె కింద రిసెప్షన్ దగ్గర పెట్టేస్తే వ్యాన్ వచ్చి పట్టుకుపోతుంది, సాయంత్రానికి అది మీకన్నా ముందే తర్వాతి ఊళ్ళో ఉంటుంది. ఏదైనా ఇబ్బంది వస్తే ఫోన్ చేయడానికి ఒక నంబరు ఉంటుంది. అంతకుమించి మీ వెంట ఎవరూ రారు. ఎప్పుడు బయల్దేరాలి, ఎక్కడ ఆగాలి, ఏ చెట్టు కింద కునుకు తీయాలి, అన్నీ మీ ఇష్టం. మేము రెండో పద్ధతిలో వెళ్ళాం. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది కూడా అదే.

ఎక్కడికి? ల్వార్ నది లోయకి. ఫ్రాన్స్‌లో అన్నిటికన్నా పొడవైన నది అది, వెయ్యి కిలోమీటర్ల పైమాటే. దక్షిణాన ఆర్దెష్ కొండల్లో పుట్టి, ఉత్తరానికి వచ్చి, ఒర్లియాన్ దగ్గర పడమటికి తిరిగి అట్లాంటిక్‌లో కలుస్తుంది. ఆ నది వెంట నెవేర్ పట్నం దగ్గర నుంచి సముద్రం దాకా సుమారు 900 కిలోమీటర్ల సైకిల్ దారి వేశారు. దాన్ని 'ల్వార్ ఆ వెలో' అంటారు. రెండు ప్రాంతీయ ప్రభుత్వాలు కలిసి 1990లలో అనుకున్న పని, 2012కి పూర్తయింది. అట్లాంటిక్ నుంచి నల్ల సముద్రం దాకా యూరప్‌కి అడ్డంగా పోయే యూరోవెలో 6 అనే దారిలో ఇదొక భాగం. 900 కిలోమీటర్లూ తొక్కమని నేను చెప్పడం లేదు. బ్లువా నుంచి సోమూర్ దాకా తొక్కితే చాలు. వారం రోజుల పని.

ఇప్పుడు ఆ గట్టు గురించి చెప్పాలి. రాజమండ్రి, కొవ్వూరు వైపు వాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఆ, ఉన్నారు. అయితే మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎండాకాలంలో గోదావరి ఎలా ఉంటుందో ల్వార్ అలాగే ఉంటుంది. మధ్యలో ఇసుక తిన్నెలు, అటూ ఇటూ పాయలు, పాయల్లో నిలబడ్డ కొంగలు. పక్కనే ఎత్తయిన గట్టు. మీరు గట్టు మీద తొక్కుతుంటే ఒక చేతివైపు నది, ఇంకో చేతివైపు కిందకి చేలు, ఇళ్ళు. అవతలి ఇంటి పెంకులు మీ కాళ్ళ ఎత్తులో ఉంటాయి. చూడగానే అర్థమవుతుంది కదా, ఈ గట్టు తెగితే ఆ ఇంటి గతి ఏమిటో?

తెగింది కూడా. ఒకసారి కాదు. 1846లో పెద్ద వరద, సరిగ్గా పదేళ్ళకి 1856లో ఇంకొకటి, మళ్ళీ పదేళ్ళకి 1866లో మరొకటి. పన్నెండో శతాబ్దం నుంచి కట్టుకుంటూ, ఎత్తు పెంచుకుంటూ వచ్చిన గట్లు ఎన్నోచోట్ల తెగిపోయాయి. నదీ తీరపు ఊళ్ళలో గోడల మీద చూడండి. రాతి మీద ఒక అడ్డగీత చెక్కి, పక్కన సంవత్సరం వేసి ఉంటుంది. నేను సైకిల్ దిగి 1856 గీత పక్కన నిలబడ్డాను. అది నా తల దాటి ఉంది. చెయ్యి చాచితే గానీ అందలేదు. వేలితో తడిమితే ఆ అంకెల లోతు తెలుస్తోంది. చెక్కినవాడు గట్టిగా చెక్కాడు. మరిచిపోకూడదని చెక్కాడు. ఇదిగో, దారే చూపిస్తుందని నేను అన్నది ఇలాంటిదే. ఏ గైడు ఎంత చెప్పినా, ఆ గీత పక్కన మీరే నిలబడి కొలుచుకున్నప్పుడు తెలిసినంత తెలుస్తుందా?

ఒకప్పుడు ఈ నది మీదే సరుకంతా నడిచేది. అడుగు చదునుగా ఉండే పడవలు తెరచాప ఎత్తుకుని పడమటి గాలితో ఎగువకి వచ్చేవి. 1840లలో రైలు వచ్చాక ఆ వ్యాపారం పోయింది. రేవుల దగ్గర ఏటవాలుగా పరిచిన రాళ్ళు, పడవలు కట్టే ఇనుప కడియాలు మాత్రం అలాగే ఉన్నాయి. సైకిల్ దారి చాలాచోట్ల ఆ పాత రేవుల మీదుగానే పోతుంది.

సరే, ఇక రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. బ్లువా నుంచి అంబ్వాజ్ తీసుకోండి. సుమారు 40, 45 కిలోమీటర్లు. మనవాళ్ళు కొందరు నవ్వుతున్నారు, నాకు కనిపిస్తోంది. ఇక్కడ బ్రెవేలు, అంటే గడువు పెట్టిన దూరపు సవారీలు, తొక్కేవాళ్ళున్నారు, 200, 300, 600 కిలోమీటర్లు తొక్కినవాళ్ళున్నారు. మీకు 45 ఒక లెక్కా? కానీ నా మాట వినండి. మధ్యలో షోమోన్ అని ఊరుంది, కొండ మీద కోట, కోట చుట్టూ ఏటా జరిగే తోటల పండగ. అక్కడే సగం రోజు పోతుంది. పోనివ్వాలి. మీరు 120 కిలోమీటర్లు పెట్టుకున్నారనుకోండి, ఆ కోటని కింద నుంచి తల ఎత్తి చూసి వెళ్ళిపోతారు. రోజుకి 45 దాటి పెట్టుకోకండి అని నేను గట్టిగా చెబుతున్నాను. కాళ్ళకి బలం లేక కాదు. కళ్ళకి తీరిక కావాలి.

కోటల గురించి ఎక్కువ చెప్పను. వాటి గురించి పుస్తకాలున్నాయి, ఫొటోలున్నాయి. షాంబోర్ తప్పకుండా చూడండి. బ్లువా నుంచి అడవి దారిలో గంట, గంటన్నర తొక్కుడు. ఫ్రాన్సువా రాజు 1519లో మొదలుపెట్టించాడు, నాలుగు వందల పైచిలుకు గదులు, 282 పొగగొట్టపు పొయ్యిలు. ఇన్ని కట్టించి ఆయన అక్కడ ఉన్నది మొత్తం కలిపితే కొన్ని వారాలే. మధ్యలో జంట మెట్లున్నాయి, ఒకదాన్ని చుట్టుకుని ఇంకొకటి పైకి పోతుంది. ఎక్కేవాళ్ళు దిగేవాళ్ళకి ఎదురుపడరు, మధ్యలో ఉన్న కిటికీల్లోంచి ఒకళ్ళకొకళ్ళు కనిపిస్తారు. అంబ్వాజ్‌లో లియొనార్డో డా వించీ చివరి మూడేళ్ళు గడిపిన ఇల్లుంది. 1519 మే 2న అక్కడే పోయాడు. ఆయనదని చెప్పే సమాధి ఆ ఊరి కోటలోని చిన్న గుళ్ళో ఉంది. చూడండి. చూసి సైకిల్ ఎక్కండి. ఎందుకంటే అసలు సంగతి కోటకీ కోటకీ మధ్య ఉంది.

మధ్య ఏముంది? రాయి ఉంది. నేను రాయి గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఓపిక పట్టండి. ఆ లోయలో కోటలు, చర్చిలు, ఇళ్ళు, పశువుల కొట్టాలు కూడా ఒకే రాయితో కట్టారు. తుఫో అంటారు. మెత్తటి సున్నపురాయి, మీగడ రంగు. గోడకి చెయ్యి ఆనించి లేస్తే అరచేతికి తెల్లగా పిండి అంటుతుంది. గోరుతో గీస్తే గీత పడుతుంది. రంపంతో కోసుకునేంత మెత్తన. అందుకే అంత సన్నటి చెక్కుడు పని వచ్చింది, అందుకే వానకి, తేమకి అరిగి గోడలు గుంటలు పడ్డాయి కూడా. పైన కప్పు నల్లటి పలకరాయి. తెల్ల గోడ, నల్ల కప్పు. ఆంజే వైపు నుంచి పలక, ఈ కొండల్లోంచి తుఫో, రెండూ నది మీదే పడవల్లో వచ్చేవి.

మరి అన్ని ఊళ్ళు కట్టడానికి అంత రాయి తీస్తే కొండలో ఏం మిగులుతుంది? గుహలు. మోంసోరో దాటి సోమూర్ వైపు వెళ్తుంటే కొండ అంచు అంతా గుహలే. కొన్నిటికి ముందు గోడ కట్టి తలుపు పెట్టి ఇళ్ళు చేసుకున్నారు. కొండలో మనుషులు కాపురం ఉంటారు, పైన ద్రాక్ష తోట, ద్రాక్ష తీగల మధ్యలోంచి కింది ఇంటి పొగగొట్టం పైకి లేచి ఉంటుంది. కొన్ని గుహల్లో పుట్టగొడుగులు పెంచుతారు, కొన్నిట్లో వైన్ నిలవ ఉంచుతారు. సూజే అనే ఊళ్ళో అయితే సైకిల్ దారే కొండలోపలికి పోతుంది. బయట మండే ఎండ, లోపలికి వెళ్ళగానే ఒక్కసారి చల్లగా, చీకటిగా, తడి రాయి వాసన. ఎప్పుడో జనం కాపురమున్న వీధి అది, మీరు దాన్లోంచి సైకిల్ నడిపించుకుంటూ అవతలికి వస్తారు. బస్సులో వచ్చేవాళ్ళకి ఆ వీధి కనబడదు. బస్సు అక్కడికి రాదు.

ఊరే చూపిస్తుందని ఇందాక అన్నాను. ఊరికి కొన్ని పద్ధతులున్నాయి, అవి తెలుసుకుని వెళ్ళాలి. దుకాణంలోకి అడుగు పెట్టగానే ముందు బోంజూర్, అంటే నమస్కారం, చెప్పాలి. ఏం కావాలో తర్వాత. నేరుగా 'నీళ్ళ సీసా ఉందా' అని అడిగితే వాళ్ళకి చాలా మర్యాద తక్కువగా అనిపిస్తుంది. బోంజూర్ మేడమ్ అని ఒక్క మాట అని చూడండి, భాష రాకపోయినా వాళ్ళే బయటికి వచ్చి దారి చూపిస్తారు. ఇంకోటి, మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి రెండు, మూడు దాకా పల్లెల్లో దుకాణాలు మూసేస్తారు. హోటల్లో భోజనం పన్నెండు నుంచి రెండు. రెండున్నరకి వెళ్తే వంటగది కట్టేసి ఉంటుంది. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా ఊళ్ళలో ఏమీ దొరకదు. కాబట్టి పొద్దున్నే రొట్టెల దుకాణంలో బాగెట్ కొనుక్కుని సైకిల్‌కి కట్టుకోండి. ఎక్కడ ఆకలేస్తే అక్కడ భోజనం.

నీళ్ళు? ఇది రాసుకోండి. ప్రతి ఊళ్ళో శ్మశానం ఉంటుంది, ఆ శ్మశానంలో పూలకి పోయడానికి కుళాయి ఉంటుంది. అక్కడి సైకిలిస్టులంతా సీసాలు అక్కడే నింపుకుంటారు. మనకి కొంచెం వెనకాడాలనిపిస్తుంది, తెలుసు. కానీ శుభ్రంగా ఉంటుంది, నీడ ఉంటుంది, కూర్చోడానికి బల్ల ఉంటుంది. తాగడానికి పనికిరాని నీళ్ళయితే 'నోం పొతాబ్ల్' అని బోర్డు పెడతారు. ఆ బోర్డు ఉందో లేదో చూసుకుని పట్టుకోండి.

శాకాహారుల సంగతి అడుగుతారని తెలుసు. అడుగుతున్నారు కూడా. నిజం చెప్పాలంటే కష్టమే, కానీ కుదరనిది కాదు. రొట్టె, పళ్ళు, టమాటాలు, అక్రోట్లు పొద్దుటి సంతలో బ్రహ్మాండంగా దొరుకుతాయి. కిష్ అని గుడ్డుతో చేసే వంటకంలోను, సలాడ్‌లోను పందిమాంసం ముక్కలు తరచుగా వేస్తారు, అడిగి తీసుకోండి. ఆ ప్రాంతపు మేక పాల చీజ్ ఒకటుంది, సాంత్ మోర్. పొడుగ్గా, బూడిద పూసి నల్లగా ఉంటుంది. మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరకి ఒక గడ్డిపుల్ల ఉంటుంది. మెత్తటి చీజ్ విరిగిపోకుండా ఉండటానికి పెడతారు. పుల్ల మెల్లగా లాగేసి, గుండ్రంగా ముక్కలు కోసుకుని, రొట్టె మీద పెట్టుకుని తినాలి. నల్ల తొక్క లోపల తెల్లగా ఉంటుంది. అయితే కచ్చితమైన శాకాహారులకి ఒక మాట. అక్కడి సంప్రదాయ చీజ్‌లలో చాలావాటికి పాలు విరగడానికి దూడ కడుపులోంచి తీసిన పదార్థం వాడతారు. అది పట్టింపు ఉన్నవాళ్ళు ముందే తెలుసుకోవాలి. వంటగది ఉన్న బస దొరికితే బియ్యం అక్కడే కొనుక్కోవచ్చు. మా ఆవిడ కందిపొడి, నెయ్యి పట్టుకొచ్చింది. సైకిల్ దిగాక ఆ అన్నం రుచి వేరు.

శాకాహారం అన్నాను కాబట్టి ఒక మహానుభావుణ్ణి తలుచుకోవాలి. పోల్ ద వివీ. వెలోసియో అన్న పేరుతో ప్రసిద్ధుడు. 1853లో పుట్టి 1930లో పోయాడు. సాంతెత్యెన్ పట్నంలో ఉండేవాడు, 1887లో సైకిల్ పత్రిక పెట్టాడు. సైకిల్‌కి గేర్లు ఉండాలని పట్టుబట్టినవాడు ఆయన. ఫ్రెంచి సైకిల్ యాత్రికులు ఆయన్ని తమ గురువుగా చెప్పుకుంటారు. ఆయన మాంసం ముట్టేవాడు కాదు. ఆయన చెప్పిన సూత్రాల్లో కొన్ని చూడండి. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు. అలసిపోయేదాకా తొక్కకు. దారిలో మాంసం, మద్యం, పొగాకు మానెయ్. గొప్ప కోసం తొక్కకు. నూరేళ్ళు దాటిన మాటలు. ఇందాక 45 కిలోమీటర్లకి నవ్వినవాళ్ళు ఆ చివరి సూత్రం ఇంకోసారి తలుచుకోవాలని నా కోరిక.

ఇంకో చరిత్ర కూడా ఉంది, నాకు చాలా ఇష్టమైనది. 1936 జూన్‌లో ఫ్రాన్స్‌లో చట్టం వచ్చింది. కార్మికులకి ఏడాదికి రెండు వారాలు జీతంతో సెలవు. అప్పటిదాకా ఫ్యాక్టరీలో పనిచేసేవాడికి సెలవంటే జీతం కోతే. ఆ వేసవిలో జనం రోడ్ల మీదకి వచ్చారు. లియో లగ్రాంజ్ అనే ఉపమంత్రి రైలు టికెట్ మీద 40 శాతం తగ్గింపు ఇప్పించాడు. రైలుకి కూడా డబ్బు చాలనివాళ్ళు సైకిళ్ళెక్కారు. భార్యాభర్తలు ఇద్దరు తొక్కే టాండెమ్ సైకిళ్ళ మీద గుడారం కట్టుకుని బయల్దేరారు. సొంత దేశంలో సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళున్నారు వాళ్ళలో. అందుకే అక్కడ సైకిల్ మీద ఊళ్ళు తిరగడం డబ్బున్నవాళ్ళ సరదాగానే మిగిలిపోలేదు, ఆటగాళ్ళ పనిగానూ మిగల్లేదు. గట్టు మీద మాకు ఎదురైనవాళ్ళలో తాతయ్యలున్నారు, వెనక బండిలో పసిపిల్లని కూర్చోబెట్టుకున్న తల్లులున్నారు. మనం బ్రెవే తొక్కితే ధ్రువపత్రం ఇచ్చేది పారిస్‌లోని ఆడాక్స్ క్లబ్బే కదా. అంటే ఆ సంప్రదాయంతో మనకి సంబంధం ఇప్పటికే ఉంది. దాని రెండో సగం ఈ నెమ్మది ప్రయాణం.

రోడ్డు నియమాలు గబగబా చెప్పేస్తాను. అక్కడ కుడివైపు నడపాలి. నేరుగా పోతున్నప్పుడు అలవాటైపోతుంది, ప్రమాదమంతా ఎడమకి తిరిగేటప్పుడు, ఖాళీ రోడ్డు మీద ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు. అప్పుడు మన చెయ్యి పాత అలవాటుకి పోతుంది. జాగ్రత్త. ఊళ్ళలో ఏ గుర్తూ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చే బండిదే హక్కు, అది చిన్న సందు అయినా సరే. కార్లవాళ్ళు సైకిల్‌ని దాటేటప్పుడు ఊళ్ళో ఒక మీటరు, ఊరి బయట మీటరున్నర దూరం వదలాలని చట్టం. చాలామంది వదులుతారు. ఊరి బయట చీకటిలో, మంచులో పసుపు జాకెట్ తప్పనిసరి. పన్నెండేళ్ళ లోపు పిల్లలకి హెల్మెట్ తప్పనిసరి, పెద్దవాళ్ళకి కాదు. మీరు పెట్టుకోండి. సైకిల్ దారి అన్నారు కదా అని అంతా వేరే దారి అనుకోవద్దు. కొంత గట్టు మీద, కొంత చిన్న పల్లె రోడ్ల మీద. ఆ రోడ్ల మీద కార్లు వస్తాయి, తక్కువ వస్తాయి. తెల్ల బోర్డు మీద ఆకుపచ్చ సైకిల్ బొమ్మ, అది కనిపిస్తుంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

ఏ వైపు నుంచి ఏ వైపుకి తొక్కాలి అంటారా? నది వాలు సైకిల్‌కి తెలియదు. ఒర్లియాన్ సముద్రానికి సుమారు 100 మీటర్ల ఎత్తులో ఉంటే సముద్రం 400 కిలోమీటర్ల అవతల ఉంది. వాలు ఏముంటుంది అందులో? లెక్కలోకి వచ్చేది గాలి. ఎక్కువ రోజులు పడమటి నుంచే వీస్తుంది. వెనకటి పడవలవాళ్ళు దాన్ని నమ్ముకునే ఎగువకి వచ్చారు. మీకూ వెనక గాలి కావాలంటే సోమూర్‌లో మొదలుపెట్టి తూర్పుకి రండి. తీరా అటు పోయాక అలిసిపోతే రైలుంది. ప్రాంతీయ రైళ్ళు నది పక్కనే నడుస్తాయి, సైకిల్ ఎక్కించుకుంటాయి. వేసవిలో రద్దీ ఉంటుంది, ముందే చూసుకోవాలి.

నెలల మాటకొస్తే మే, జూన్, లేదంటే సెప్టెంబర్. జూలై, ఆగస్టుల్లో ఎండ బాగా ఉంటుంది, గదులు దొరకవు. ఫ్రాన్స్ వెళ్ళడానికి కావలసిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. మే నెలకి వెళ్ళాలంటే సంక్రాంతికల్లా ఆ పని మొదలుపెట్టండి.

ఇక్కడ ముందు వరసలో అమ్మగారు చెయ్యి ఎత్తారు. అరవై దాటినవాళ్ళు వెళ్ళొచ్చా అని అడుగుతున్నారు. వెళ్ళొచ్చండి. ఆ నది పక్కనే ఉన్న తూర్ పట్నంలో గది తీసుకోండి. అక్కడ బ్యాటరీ సైకిల్ అద్దెకి దొరుకుతుంది. తూర్ నుంచి విలాండ్రీకి సుమారు 20 కిలోమీటర్లు, షేర్ నది పక్కనే, చదును దారి. విలాండ్రీలో కోట కన్నా తోట ముఖ్యం. క్యాబేజీలు, లీక్ అనే ఉల్లిజాతి కాడలు, ముల్లంగి, గుమ్మడి, అన్నిటినీ రంగుల లెక్క చూసుకుని చదరాలుగా నాటారు. కూరగాయలతో ముగ్గు వేసినట్టుంటుంది. పొద్దున తొమ్మిదికి బయల్దేరితే భోజనం వేళకి అక్కడ ఉంటారు, తోట చూసుకుని అదే దారిలో సాయంత్రానికి గదికి వచ్చేస్తారు. మర్నాడు ఒంట్లో ఎలా ఉందో చూసుకుని, బాగుంటే ఇంకో వైపు, అంబ్వాజ్ దారిలో మోన్‌లూయీ దాకా. రోజుకింత అని ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు మీరు. ఇంకెవరైనా అడగండి, నాకు తెలిసినంత చెబుతాను.